ఇంటిపేరుతో పిలిస్తేనే

ప్లీడరు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి అందరూ చట్టం బాగా చదవమని చెబుతారు. చదవండి, కాదనను. నేను మాత్రం ముందు కోర్టు వరండా చూడమంటాను. లోపల మనం మాట్లాడతాం, కక్షిదారులు వింటారు. వరండాలో వాళ్ళు మాట్లాడతారు, మనం వినాలి. మా కాలంలో చాలామంది ప్లీడర్లు వరండాని గొడుగులు ఆరబెట్టుకోవడానికే వాడుకునేవారు. ఇప్పుడు స్కూటర్లు పెట్టుకోవడానికి వాడుతున్నారని విన్నాను.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను చోడవరం మునసబు కోర్టులో జూనియరుగా చేరాను. కళ్ళు మసకబారేదాకా అక్కడే పనిచేశాను. ఏ పదవీ రాలేదు. రాలేదని మా ఆవిడ తప్ప ఎవరూ బాధపడలేదు. గెలిచిన దావాల గురించి రాయమని స్నేహితులు అంటారు గానీ, వాటిలో సగం అవతలి ప్లీడరుకి జ్వరం రావడం వల్ల గెలిచినవి. అందుకని నాకు పని నేర్పిన ఒక్క కేసు గురించే రాస్తాను. అందులో వాది ఒక ఆడమనిషి. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా ఆమె చెవికి ఒక గొంతు వినిపిస్తూ ఉండేది. పగలూ, పనిలోనూ, పడుకునేటప్పుడూ కూడా.

అప్పన్న కేక

ముందు మా వైపు పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. సింహాచలం స్వామి దయవల్ల మా దగ్గర ఇంటికో అప్పలరాజు, వీధికో సింహాద్రి ఉంటారు. కోర్టు డఫేదారు పేరే అప్పన్న. కేసు పిలవడం ఆయన పని. గుమ్మంలో నిలబడి, తలపాగా సర్దుకుని, మూడుసార్లు కేక వేసేవాడు. ఒట్టి "అప్పలనాయుడూ" అని పిలిస్తే వరండాలో సగంమంది లేచి నిలబడేవారు, ఎదురుగా టీ దుకాణంలో ఇంకో ఇద్దరు గ్లాసులు కింద పెట్టేవారు. అందుకని ఇంటిపేరు కలిపి పిలవాలని కోర్టు వాడుక.

అప్పన్నకి ఇంటిపేర్లంటే బద్ధకం. పొద్దున్న జనం ఉన్నప్పుడు బుద్ధిగా కలిపి పిలిచేవాడు. భోజనాలయ్యాక వరండా పలచబడితే వాటిని మింగేసేవాడు. అదేమిటని అడిగితే జవాబు తయారు.

"ఉన్నది నలుగురు మడుసులు బాబూ. ఇంటిపేరెందుకు, గొంతుకి సేటు!"

చెడ్డ మనిషి కాదు అప్పన్న, మంచివాడే. మధ్యాహ్నం పూట అందరి మంచితనమూ కొంచెం మత్తుగానే ఉంటుంది.

మా సీనియరు గారు

నా సీనియరు సోమయాజులు గారు. ఎడమచేతిలో నశ్యం డబ్బీ, కుడిచేతిలో కలం. చట్టం ఆయనకి కంఠతా వచ్చు. దావా రాస్తే అవతలివాళ్ళు చదివి మెచ్చుకునేవారు. కానీ మనుషుల విషయంలో ఆయనకి తొందర ఎక్కువ. కక్షిదారు నోరు తెరిచేలోపే సగం దావా రాసేసేవారు. మిగతా సగం వాళ్ళు చెబుతుంటే, "అది అనవసరం, అది అనవసరం" అంటూ చేయి ఊపేవారు. అనవసరమన్న వాటిలో ఎన్ని తర్వాత మా మెడకి చుట్టుకున్నాయో నాకు తెలుసు. ఎందుకంటే వాయిదా రోజున మాటలు పడేది జూనియరు.

కక్షిదారుని కోర్టుకి ఎలా చూపించాలో ఆయనకి గట్టి అభిప్రాయం ఉండేది.

"పెళ్ళిచూపుల్లో పిల్ల మెల్లకన్ను గురించి మనమే చెబుతామేమిటోయ్? చాటుమాటుగా నెట్టుకురావాలి గానీ" అనేవారు.

అప్పుడు నేను కూడా తల ఊపేవాణ్ణి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది, అబద్ధమెందుకు? ఈ ఒక్క పాఠం మాత్రం సింహాద్రమ్మ వచ్చాక నా మనసులోంచి పోయింది.

దేముడి మీద దావా

గొర్లె సింహాద్రమ్మది మాడుగుల దారిలో ఒక పల్లె. నలభై దాటిన మనిషి, పిల్లల్లేరు. పెళ్ళినాడు తండ్రి ఆమెకి పసుపుకుంకుమల కింద రెండెకరాల పొలం రాసిచ్చాడు. మొగుడు బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి అందులో చెరకు వేసుకున్నారు. మొగుడు పోయిన మరుసటేడు మరిది పొలంలో దిగిపోయాడు. చెరకు తనే నరికించి, తనే బళ్ళకెత్తించి, ఇదేమిటని అడిగితే, "నీకేటి తెల్సు, కూకో" అన్నాడు. ఆమె కూర్చోలేదు. బస్సెక్కి చోడవరం వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

ఆ మరిది పేరు దేముడు. మా వైపు ఆ పేరు మామూలే. దావా దాఖలు చేసేటప్పుడు కోర్టు గుమాస్తా ప్రతివాది పేరు చదివి, కళ్ళజోడు పైకి తోసి, "దేముడి మీద దావా వేసిన ధైర్యస్తురాలు ఎవరండీ?" అని అడిగితే ఆఫీసంతా నవ్వింది.

మా ఆఫీసుకి వచ్చిన మొదటి రోజే నేను ఒకటి గమనించాను. ఆమె నోట్లో ఎప్పుడూ అడ్డచుట్ట ఉండేది. నిప్పుకొస లోపలికి పెట్టి కాల్చే చుట్ట మా ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు, మా మేనత్త కూడా కాల్చేది. కానీ మా మేనత్త భోంచేశాక కాల్చేది. సింహాద్రమ్మ ప్రశ్న అడిగితే చుట్ట తీసి, రెండు ముక్కల్లో జవాబు చెప్పి, ఎవరో తరుముతున్నట్టు వెంటనే నోట్లో పెట్టేసుకునేది. ఎందుకని నేను అడగలేదు. సీనియరు గారైతే పొగకి దగ్గి, ఆమెని వరండాలో కూర్చోమన్నారు.

మూడు కేకలు

విచారణ రోజు వచ్చింది. అప్పటి మునసబు గారు సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి. గొంతు చాలా మెల్లన. చెప్పిన మాట రెండోసారి చెప్పరు. వినపడలేదంటే ఆ తప్పు విననివాడిదే. బార్‌లో ముసలి ప్లీడర్లంతా ఆయన ముందు మెడలు ముందుకి చాచి నిలబడేవారు.

మా కేసు మధ్యాహ్నం తర్వాత వచ్చింది. కోర్టు ఆవరణలో చుట్ట కాల్చకూడదని ఎవరో అనడంతో సింహాద్రమ్మ దాన్ని ఆర్పేసి, వరండా చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అప్పన్న గుమ్మంలోకి వచ్చి చూశాడు. వరండాలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇంక ఇంటిపేరెందుకు?

"సింహాద్రమ్మా! సింహాద్రమ్మా! సింహాద్రమ్మా!"

ఆమె కదల్లేదు. నేను తలుపు దగ్గర్నుంచి చూస్తున్నాను. చెవిటిది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అప్పన్న నాలుగడుగులు ముందుకి వేసి మళ్ళీ పిలిచాడు. ఆమె ముఖం అటు తిప్పేసుకుంది. చెయ్యి మాత్రం కొంగుని మెలిపెడుతోంది.

నేను పరిగెత్తుకెళ్ళి ఆమె ఎదురుగా నిలబడేలోపే లోపల పని అయిపోయింది. వాది పలకలేదని రాసి, సోమయాజులు గారు ఏదో సర్దిచెబితే వాయిదా ఇచ్చి, ఇంకోసారి ఇలా జరిగితే దావా కొట్టేస్తానని మునసబు గారు మెల్లగా అనేశారు. నేను తలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి, అదే సందని మరిది లేచి చేతులు జోడించాడు.

"సూసేరా బాబూ! పిలిస్తే పలకదు, పిలవకపోతే పలుకుతాది. అది పిచ్చిదండి. దాంతో అదే మాటాడుకుంటాది. ఊరందరికీ తెలుసు!"

అవతలి ప్లీడరు అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. కానీ ఆ ప్లీడరు ముఖంలో దీపం వెలగడం నేను చూశాను.

బయట నేను సింహాద్రమ్మ మీద విసుక్కున్నాను. "నీ పేరు పిలిస్తే పలకవేమిటమ్మా?"

"పిలిసీది మడుసని నాకెలగ తెలుస్తాది బాబూ?" అంది. "నన్ను పొద్దస్తమానం పిలుస్తనే ఉంతాది. తిరిగి సూస్తే ఎవులూ ఉండరు."

చిన్నప్పుడు మా అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. బయటనుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గాని పలకకూడదనేది. దయ్యాలు మూడుసార్లు పిలవవని ఆవిడ నమ్మకం.

"అప్పన్న మూడుసార్లు పిలిచాడు కదా, మూడుసార్లు పిలిస్తే మనిషే అంటారు" అన్నాను, ప్లీడరు పరీక్ష పాసైనవాణ్ణి.

"ఆ నెక్క దానికి తెలీదు బాబూ. అది ముప్పైసార్లు పిలుస్తాది."

తర్వాత ఆమె చెప్పినదంతా, చింతపండు నిల్వ చేసే పద్ధతి చెప్పినంత మామూలుగా చెప్పింది. అది ఒక మగ గొంతు. వయసొచ్చిన పిల్లగా ఉన్నప్పుడే మొదలైంది. మొదట్లో తను దానికి పలికేది, తిట్టేది, ఏడ్చేది. పలికినకొద్దీ ఎక్కువయ్యేది. భూతవైద్యుడు వేపమండలతో కొట్టాడు. వీపు వాచింది, గొంతు తగ్గలేదు. అప్పుడింక తన తిప్పలు తనే పడింది. నోట్లో అడ్డచుట్ట ఉంటే అది మాట్లాడదని కనిపెట్టింది.

"దానికీ నాకూ ఒకటే నోరు కావోసు" అంది. "నా నోటికి పనుంటే దాని నోరు మూసుకుంతాది."

పొలంలో ఉన్నప్పుడు అది రొద పెడితే, "ఇప్పుడు కలుపు తియ్యాల. దీపాలెట్టేక రా, మాటాడుకుందాం" అని గడువు ఇస్తుందట. ఒక్కోసారి వింటుందట. దీపాలు పెట్టాక అది వచ్చి కూర్చుంటే, కాసేపు దానిచేత తిట్టించుకుని, "సాల్లే, ఎల్లిక" అని పంపించేస్తుందట.

"మరి నిజం మనిషి పిలిస్తే?"

"అది ఎప్పుడూ ఒట్టి పేరే పిలుస్తాది బాబూ. గొర్లె అని ఎప్పుడూ అన్నేదు. నా పెళ్ళికి ముందే దాపురించింది గదా, అత్తోరి ఇంటిపేరు దానికి తెలీదు. ఎవులైనా గొర్లె సింహాద్రమ్మా అంతే, అది మడిసే. లేచొస్తాను. నోటితో మాత్రం పలకను, ఎవులికీ. పలకడం వొగ్గేసి శానా ఏళ్ళయిపోనాది."

అప్పన్న మా వెనకే నిలబడి విన్నాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "ఓలమ్మ! ఇంటిపేరు మింగేసేను బాబూ" అని గోడకి చేరబడిపోయాడు.

సీనియరు గారి మందు

అవతలి ప్లీడరు ముఖంలో వెలిగిన దీపం వారం తిరక్కుండా పిటిషనై వచ్చింది. వాదికి మతి స్థిమితం లేదు, తన మంచిచెడ్డలు తాను చూసుకోలేదు, కాబట్టి ఆమె తరఫున దావా నడపడానికి ఒక సంరక్షకుణ్ణి వెయ్యాలి. ఎవరిని? ఊళ్ళో పెద్దమనిషి ఒకడున్నాడు, ఒప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి దేముడి బావమరిది. ఆయనగారు సంరక్షకుడైన మర్నాడు రాజీ కాగితం మీద వేలిముద్ర వేసేసి, మిఠాయి తినేసి ఇంటికి పోతాడు.

సోమయాజులు గారు సింహాద్రమ్మని పిలిపించి, ఈసారి వరండాలో కాకుండా ఎదురుగా కూర్చోబెట్టారు. రెండు చిటికెల నశ్యం పీల్చారు. అంటే ఉపాయం తట్టిందన్నమాట.

"గొంతూ లేదు, గింతూ లేదు. నీకు చెవుడు. అర్థమైందా? చెవుడు వల్ల ఆ రోజు వినపడలేదు. బోనులో ఏదడిగినా రెండుసార్లు 'ఆఁ?' అని, తర్వాత జవాబు చెప్పు. డాక్టరు సర్టిఫికెట్టు సంగతి నేను చూసుకుంటాను."

"నాకు సెవుడు నేదు బాబూ."

"లేదని నాకూ తెలుసమ్మా! ఉందని చెప్పమంటున్నాను."

ఆమె చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. మళ్ళీ పెట్టుకోలేదు. తనంతట తాను చుట్ట తీసేసి ఆమె అంతసేపు మాట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి.

"తవరైతే అబద్దమాడి, ఇంటికెల్లి, అన్నం తిని తొంగుంతారు. నాకలగ కుదర్దు. అది ఇంటాది గదా. ఒట్టేసి అబద్దమాడినావని రేపట్నించి నన్ను పీక్కు తింతాది. ఇన్నాళ్ళూ అది అనీవన్నీ అబద్దాలే. అందుకే ఏగుతన్నాను. దాని సేతికి ఒక్క నిజం ఇచ్చేనంతే ఇంక నాను బతకనేను."

"దావా పోతుంది" అన్నారు సీనియరు గారు.

"పోతే పోనీండి. కూలికెల్తాను." అంతవరకు గట్టిగానే అంది. తర్వాత గొంతు దిగిపోయింది. "నన్ను పిచ్చిదని కాయితం మీద రాసేస్తారా బాబూ? అది రోజూ అనీమాట అదే. సర్కారోలు కూడా ఆ మాటే రాసేస్తే, ఇంక అదే నెగ్గినట్టు గదా. దానికేటని సెప్పీది నాను?"

సోమయాజులు గారు నశ్యం డబ్బీ మూత చాలాసేపు తిప్పుతూ కూర్చున్నారు. ఎంత తొందర మనిషైనా ఆ రోజు తొందరపడలేదు. చివరికి నా వైపు చూసి, "ఉన్నదున్నట్టు చెప్పమను. మునసబు గారు ఏం చేస్తారో చూద్దాం" అన్నారు. ఆ మాట ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆయనంటే నాకు గౌరవం ఉంది గానీ, ప్రేమ పుట్టింది మాత్రం ఆ సాయంత్రమే.

మధ్యలో ఒక మాట

కథ ఆపి చిన్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఈ రోజుల్లో ఇలాంటి బాధకి మందులున్నాయి, డాక్టర్లున్నారు. మీ దగ్గరికి ఇలాంటి మనిషి వస్తే, వెళ్ళి చూపించుకోమని చెప్పండి, సిగ్గుపడేందుకేమీ లేదు. యాభైల్లో మా పల్లెల్లో ఉన్నవి వేపమండలు, గొలుసు. ఈ రెండూ లేకపోతే నవ్వు. సింహాద్రమ్మ ఏ సాయమూ లేకుండా నెగ్గుకొచ్చింది గనక అందరూ అలాగే నెగ్గుకురావాలని నేను అనడం లేదు. పాపం, ఆమెకి వేరే దారి లేదు.

రెండోది, కక్షిదారు చెప్పేది పూర్తిగా వినండి. అనవసరం అని చేయి ఊపకండి. ఆమె చుట్ట ఎందుకు తియ్యడం లేదని మొదటి రోజే అడిగుంటే, మాకు ఆ వాయిదా తిప్పలు తప్పేవి. ఇంకో సంగతి, అసలు దావా మేమే గెలిచాం. ఆమె పొలం ఆమెకి వచ్చింది, చాలా ఏళ్ళు చేసుకుంది. ఏటా కొత్త బెల్లం ముద్ద ఒకటి మా ఇంటికి వచ్చేది. ఆ గొంతు ఎక్కడికీ పోలేదు, ఆమెతోనే ఉంది. ఇది ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు రాయాలనున్నది ఆ గెలుపు గురించి కాదు, పిటిషను విన్న రోజు గురించి.

బోనులో

ఆ రోజు అప్పన్న తలపాగా కొత్తది కట్టాడు. ఇంటిపేరు మీద గొంతంతా పెట్టి, "గొర్లేయ్ సింహాద్రమ్మా!" అని ఒక్క కేక వేసేసరికి కోర్టు కప్పు మీద కాకులు లేచిపోయాయి. రెండో కేక అవసరం రాలేదు. ఆమె నోరు మెదపకుండా లేచి, నడిచి వచ్చి బోనెక్కింది.

చుట్ట కుదరదు గనక మేము ఒక ఏర్పాటు చేశాం. బుగ్గన బెల్లం ముక్క. నేను అడిగిన నాలుగు ప్రశ్నలకి బాగానే చెప్పింది. తర్వాత అవతలి ప్లీడరు లేచాడు. అనకాపల్లి నుంచి వచ్చిన కుర్రప్లీడరు, గంజి పెట్టిన కాలరు. లేస్తూనే ఆమె బుగ్గ చూశాడు.

"సాక్షి ఏదో తింటోందండి!"

మునసబు గారు అడిగితే, "బెల్లం బాబూ" అంది. కోర్టులో తినకూడదని ఆయన అన్నారు. ఆమె ముక్క తీసి కొంగున ముడేసుకుంది. మంచి బెల్లం, పారేసే రకం కాదు.

"ఎవరూ లేకుండానే నీకు ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందా?"

"ఇనిపిస్తాది బాబూ."

ప్లీడరు ఆగిపోయాడు. ఆమె కాదంటుందని, కాదన్నాక ఆమెని ఇరుకున పెట్టాలని ప్రశ్నలన్నీ కట్టుకొచ్చాడు. వరండాలో పల్లెనుంచి తెచ్చిన సాక్షులు చొక్కాలు వేసుకుని మరీ కూర్చున్నారు. ఒప్పుకున్న మనిషిని ఎలా అడగాలో ఆయనకెవరూ నేర్పలేదు. అటూ ఇటూ చూసి, "ఇప్పుడు... ఇప్పుడు వినిపిస్తోందా?" అన్నాడు.

"బెల్లం ఉన్నంతసేపూ నేదు. తవరు తీయించేసేరు గదా, మొదలెట్టింది."

"ఏమంటోంది?"

సోమయాజులు గారు కళ్ళు మూసుకున్నారు.

"తవరనీదే అంటంది బాబూ. నువ్వు పిచ్చిదానివి, నీకేటీ తెలీదు, పొలం నీకెందుకు, ఇంటికి పో అంటంది." ఆమె కాస్త ఆలోచించింది. "దానికీ తవరికీ ఒకటే తేడా. అది పీజు పుచ్చుకోదు."

కోర్టు గొల్లుమంది. బెంచి గుమాస్తా కాగితాల వెనక దాక్కున్నాడు. మునసబు గారు కలంతో బల్ల మీద కొట్టారు గానీ, ఆయన పెదవి చివర కూడా కొంచెం లేచిందని నేను ప్రమాణం చేయగలను. కుర్రప్లీడరు ఇంకేమీ అడగను అని కూర్చున్నాడు. తర్వాత చాలా ఏళ్ళకి అతను నాకు మంచి స్నేహితుడయ్యాడు. ఆ మాట తలుచుకుని అందరికంటే ఎక్కువ నవ్వేవాడు అతనే.

అప్పుడు మునసబు గారు కుర్చీలో ముందుకి వంగారు. "ఏది నిజం గొంతో, ఏది కాదో నీకెలా తెలుస్తుంది?"

"ఇంటికాడైతే గేదె సెవులు సూస్తాను బాబూ. నిజంగా మడిసి పిలిస్తే దాని సెవులు కదుల్తాయి. అది పిలిస్తే కదలవు."

"ఇక్కడ గేదె లేదు కదా?"

"ఈ బాబున్నాడు గదా!" అని ఆమె నన్ను చూపించింది. "బాబు సెవులు పెద్దయి. తవరు మాటాడితే ఇటు తిరుగుతాయి."

నా చెవుల గురించి బడిలో చాలామంది చాలా అన్నారు. అవి కోర్టు పనికి వస్తాయని ఎవరూ అనలేదు. ఆ తర్వాత బార్‌లో నన్ను ఏమని పిలిచేవారో ఇక్కడ రాయను, చదివేవాళ్ళే ఊహించుకోవచ్చు.

నవ్వులు ఆగాక మునసబు గారు ఇంకొకటి అడిగారు. ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "అది ఏదైనా పని చెయ్యమంటుందా? చేశావా ఎప్పుడైనా?"

ఆమె తల దించుకుంది.

"నూతిలో దూకెయ్యమంటాది. మావోడు పోయిన ఏడు పూటపూటా అనీది." కొంగు ముడిని వేళ్ళతో నొక్కుకుంది. "నువ్వు ముందు దూకు, ఎనకాల నానొస్తాను అన్నాను. ఇప్పటికీ దూకనేదు బాబూ. నాను కూడా దూకనేదు. తెల్లారితే తోటకి నీరు కట్టాల గదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మొగుడు పోయి, ఇల్లు ఖాళీ అయి, చెవిలో ఆ మాట వినబడుతుంటే, ఆమె ఒక్కతే కూర్చుని దానికి అంత ఎదురు జవాబు చెప్పిందే! నేనైతే చెప్పగలనా అనిపించింది. ఇప్పుడు ఈ వయసులోనూ అదే అనిపిస్తుంది.

మునసబు గారు పొలం గురించి మరికొంచెం అడిగారు. ఎప్పుడు నాటిందో, నీరు ఎవరి వంతు తర్వాత ఎవరిదో, దేముడు దిగాక తోట ఎలా ఎండిందో ఆమె తడుముకోకుండా చెప్పింది. తర్వాత ఆయన కలం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. ఆమె బోనులోనే నిలబడి ఉంది. కోర్టంతా ఆ కలం చప్పుడు వింటూ కూర్చుంది.

మరోపాలి

రాసింది ఆయన అలవాటుగా, మెల్లగా తెలుగులో చెప్పారు. వాదికి ఎవరూ లేని గొంతు వినిపించే మాట నిజమే. కానీ ఆమె దాని మాట ప్రకారం నడుచుకోవడం లేదు, తన బుద్ధి ప్రకారమే నడుచుకుంటోంది. ఆమె పిచ్చిది కాదు, ఆమెకి సంరక్షకుడు అక్కర్లేదు. పిటిషను కొట్టివేయడమైనది.

నేను ఊపిరి వదిలాను. సోమయాజులు గారు నశ్యం డబ్బీ జేబులో వెతుక్కుంటున్నారు, అది చేతిలోనే ఉంది. దేముడు కండువా దులుపుకుని లేచాడు. అప్పన్న తర్వాతి కేసు పిలవడానికి గుమ్మంలోకి వెళ్ళాడు.

సింహాద్రమ్మ బోను దిగలేదు. మునసబు గారి వైపు చూడడం లేదు. నా చెవుల వైపు చూస్తోంది.

"దిగమ్మా, అయిపోయింది" అన్నాను.

"బాబూ, ఇప్పుడా మాట బయట్నించొచ్చినాదా?"

"బయట నుంచే. మునసబు గారు అన్నారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నమ్మకం సాల్లేదు. నువ్వు పిచ్చిదానివి కావని నాకు ఏ గొంతూ ఎప్పుడూ సెప్పనేదు. లోపల్నుంచీ సెప్పనేదు, బయట్నుంచీ సెప్పనేదు. ఇది కొత్త మోసం కావోసు. మరోపాలి అనమని అడగండి బాబూ. ఇంటిపేరెట్టి."

మునసబు గారిని రెండోసారి చెప్పమని అడిగినవాడు ఆ కోర్టులో లేడు. నేను సీనియరు గారి వైపు చూశాను. సోమయాజులు గారు లేచారు. ఒక్కసారి గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, నా కక్షిదారు ఆ మాట మళ్ళీ వినాలని కోరుతోంది. ఇంటిపేరుతో."

మునసబు గారు కళ్ళజోడు తీశారు. పిటిషను కాగితం పక్కకి పెట్టారు. ఆయన అంత పెద్దగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. వరండా చివరిదాకా వినపడింది.

"గొర్లె సింహాద్రమ్మ గారూ! మీరు పిచ్చివారు కారు."

నా చెవులు కదిలే ఉంటాయి. ఆమె ఒకసారి వాటిని చూసింది, ఒకసారి ఆయన్ని చూసింది. అప్పుడు, ఏ పిలుపుకీ పలకడం మానేసిన ఆ మనిషి, పొలం గట్టు మీద నిలబడి పక్క పొలానికి పలికినట్టు, కోర్టు దద్దరిల్లేలా పలికింది.

"ఓయ్!"